తోకలో నాలుగో నట్టు

చక్రాలు నేలను వదిలిన క్షణంలోనే మార్లిస్‌కి తోకలోని నాలుగో నట్టు గుర్తొచ్చింది. ఏడు నెలలుగా ఒక్కసారైనా తలపుకు రానిది, ఊరు దాటాక పొయ్యి కట్టేశానా లేదా అని గుర్తొచ్చినట్టు, ఉన్నట్టుండి గుర్తొచ్చింది. అప్పటికే విమానం రన్‌వే చివరికి, ఎండిన మొక్కజొన్న చేల మీదికి వెళ్ళిపోయింది. ఇంకా రంగు వెయ్యని వెండి రెక్కలు, వెండి పొట్ట, తొమ్మిదేళ్ళు తన వంటగది గోడకి అవతల పడి ఉన్న రేకులే అవి, ఇప్పుడు గాలిలో ఉన్నాయి, వాటి మధ్య మొగుడు లోవెల్ ఉన్నాడు. చుట్టూ చప్పట్లు. ఎనిమిది మందో తొమ్మిది మందో, అందరూ ఇంట్లో సొంతంగా విమానం కట్టుకున్నవాళ్ళో కట్టుకుంటున్నవాళ్ళో, శనివారం పొద్దున ఏడింటికే మంచుకి తడిసిన గడ్డి మీద మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. ఆమె చేసి తెచ్చిన యాపిల్ కేకు బల్ల మీద ఉంది, ఎవరూ ఇంకా ముట్టలేదు, దిగాకే తింటారట. "ఎగిరిందమ్మాయ్," అన్నాడు ఓరిన్, చేతి రేడియోని గుండెకి ఆనించుకుని. అరవై ఒకటి నిండిన మనిషిని అమ్మాయ్ అని పిలిచేవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే, ఆయనకి డెబ్బై తొమ్మిది, నాలుగు విమానాలు కట్టాడు, ఇప్పుడు ఇంకొకళ్ళ గరాజులకి వెళ్ళి, పైసా తీసుకోకుండా, వాళ్ళ పనిలో తప్పులు వెతికి పెడతాడు. మార్లిస్ నవ్వింది. ఇలాంటప్పుడు నవ్వాలని మొహానికి తెలుసు గనక నవ్వింది.

నట్టంటే ఎంత, చిటికెన వేలి గోరంత. పైలట్ చేతిలో ఒక కర్ర ఉంటుంది, దాన్ని వెనక్కి లాగితే విమానం ముక్కు లేస్తుంది, ముందుకి నెడితే దిగుతుంది. ఆ కర్ర దగ్గర్నుంచి పొట్టలోంచి తోక దాకా ఒక కడ్డీ వెళుతుంది, ఆ కడ్డీని తోక రెక్కకి కలిపేది ఒక్క బోల్టు, ఆ బోల్టు జారిపోకుండా పట్టేది ఒక్క నట్టు, ఆ నాలుగోది. నట్టు ఊడితే బోల్టు జారుతుంది, బోల్టు జారితే లోవెల్ చేతిలో మిగిలేది ఉత్త కర్ర. ఇదంతా ఆమెకి ఎవరో చెప్తే తెలిసిన సంగతి కాదు, ఆ కడ్డీ చివర జిడ్డు తుడిచింది తనే. నట్టుని పానాతో బిగిస్తారు, బిగుతు సరిపోగానే పానా టక్కుమంటుంది, అప్పుడు నట్టు మీంచి బోల్టు దాకా నారింజ రంగుతో సన్నటి గీత గీస్తారు. గీత ఉందంటే బిగించారని. ఆ తరవాత దాన్ని ఎవరూ ముట్టుకోరు, దీపం వేసి గీత చూసి నమ్ముతారు. విమానం కట్టేవాళ్ళందరికీ అదొక ఒట్టు: బిగించకుండా గియ్యకూడదు. ముందు గీసేసి తరవాత బిగిద్దాంలే అనుకోకూడదు, రంగు సీసా చేతిలో ఉన్నా సరే, పానా అవతల పడి ఉన్నా సరే, పక్కింటికి నిప్పంటుకున్నా సరే. లోవెల్ మొదటి ఏడాదే ఆ మాట చెప్పాడు, చిన్న పిల్లకి చెప్పినట్టు వేలు చూపించి మరీ చెప్పాడు. అయినా ఆమె గీసింది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, ఆ తోకలోకి సగం దూరి, నాలుగు నట్లకి నాలుగు గీతలు గీసేసి, అప్పుడు పానా అందుకుంది. టక్. టక్. టక్. మూడు వినిపిస్తున్నాయి, ఇప్పటికీ చెవిలో వినిపిస్తున్నాయి. నాలుగోది వినిపించడం లేదు. ఎంత వెనక్కి వెళ్ళి విన్నా నాలుగోది లేదు, ఫోను మోగుతోంది, తను మోకాళ్ళ మీద వెనక్కి పాకి బయటికొస్తోంది, అంతే.

బిగించానేమో. ఫోను మాట్లాడి వచ్చి బిగించానేమో. ఎందుకు బిగించి ఉండకూడదు, చేసిన పని ప్రతిదీ గుర్తుంటుందా మనిషికి, నిన్న కేకులో ఉప్పు వేశానో లేదో గుర్తుందా, వెయ్యకుండానే ఉంటానా. విమానం కుడివైపు తిరిగి పైకి వెళుతోంది, ధాన్యపు గోదాం మీదుగా వెళ్ళి మళ్ళీ ఇటు తిరిగింది. ఓరిన్ రేడియోలో లోవెల్ గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది, ఇంజిన్ వేడి ఇంత, నూనె ఒత్తిడి ఇంత, అంతా బాగుంది అని. ఓరిన్ సరే అన్నాడు, ఇంకేం అనలేదు. అనకూడదు కూడా. మొదటిసారి ఎగిరేటప్పుడు పైలట్ తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు, కొత్త ఇంజిను కుదురుకోవడానికి రన్‌వేకి పైన గాలిలోనే ఒక గంట గిరికీలు కొట్టాలి, కింద నుంచి మాట్లాడేవాడు ఒక్కడే ఉండాలి, వాడూ అడిగితేనే మాట్లాడాలి. నిన్న రాత్రి భోజనాల దగ్గర లోవెల్ ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు, చెప్తూ మాంసం ముక్కని పదహారు ముక్కలు చేశాడు, తినలేదు. పైన ఉన్నవాడి తలలో ఒకటే ఆలోచన ఉండాలి మార్లిస్, రెండోది దూరిందంటే చచ్చినట్టే. ఎక్కడెక్కడో ఎవరెవరో ఎలా పోయారో అతనికి వేళ్ళ మీద ఉంటుంది, నలభై మందో యాభై మందో, ఒకడు తలుపు గడియ ఊడిందని దాన్ని పట్టుకోబోయి విమానాన్ని వదిలేశాడట, తలుపు తెరుచుకున్నా విమానం ఎగురుతుంది, చంపింది తలుపు కాదు, కంగారు. ఇప్పుడు తను వెళ్ళి ఓరిన్ చేతిలోంచి రేడియో లాక్కుని, లోవెల్, నీ తోకలో ఒక నట్టు వదులుగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు కూడా, నాకు గుర్తులేదు, అని చెప్తే? అది వదులుగా లేకపోతే? లేని నట్టు కోసం భయపడి, చెయ్యి బిగుసుకుపోయి, దిగేటప్పుడు నేలకి కొట్టుకుంటే? చెప్తే చంపినట్టు, చెప్పకపోతే చంపినట్టు. దేవుడా. కాఫీ పోశారెవరో, గ్లాసు చేతిలో పెట్టారు, పట్టుకుంది.

ఫిబ్రవరి. వెర్నా చచ్చిపోయిన ఫిబ్రవరి. అక్క, ఒక్కగానొక్క అక్క, ఒకే మంచం మీద పెరిగిన అక్క. లోవెల్ ఈ విమానం పెట్టెలు లారీలోంచి దింపిన రోజున గరాజు గుమ్మంలో నిలబడి పడీ పడీ నవ్వింది వెర్నా. "నిన్నొదిలేసి పోవడానికి సొంతంగా బండి చేసుకుంటున్నాడే మీ ఆయన. తొమ్మిదేళ్ళు పడుతుందట, తొందరేం లేదులే." నిజంగానే తొమ్మిదేళ్ళు పట్టింది, ఈలోపు వదిలేసి పోయింది వెర్నానే. మట్టి చెయ్యడానికి నేల తవ్వలేనంత మంచు, చర్చిలో వేడి చాలక అందరూ కోట్లతోనే కూర్చున్నారు, తను ఏడుస్తూ పక్కకి చూస్తే లోవెల్, చర్చిలో పంచిన వెర్నా చావు కాగితం వెనక పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు. ముందువైపు వెర్నా ఫొటో, నీలం గౌను వేసుకున్నది, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వెనకవైపు కడ్డీ, బోల్టు, కొలతలు. శనివారం ఓరిన్ వస్తానన్నాడట, తోక మూసేలోగా చూసి పోతాడట. అతను చెడ్డవాడు కాదు, ఆ సంగతి ఆమెకి తెలుసు, మంచులో ఐదు గంటలు బండి నడిపి తీసుకెళ్ళాడు, శవపేటిక మోశాడు, ఆమెకి కర్చీఫ్ ఇచ్చాడు. కానీ ఆ కర్చీఫ్‌లోంచి అల్యూమినియం పొట్టు రాలింది. ఏడుస్తున్న కళ్ళకి గుచ్చుకుంది. అప్పుడు ఒళ్ళు మండిన మంట ఇంకా చల్లారలేదు, ఇదిగో ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతున్నాయి. తిరిగొచ్చిన మర్నాడు అతను పనికి వెళ్ళాడు, పాల డెయిరీల్లో యంత్రాలు బాగు చేస్తాడు, వెళుతూ వంటగది బల్ల మీద చీటీ పెట్టి వెళ్ళాడు. నాలుగు నట్లు, తోక లోపల, నీ చెయ్యి సన్నం, నాకు దూరదు, ఓపికుంటే. ఓపికుంటేనట. నల్ల గౌను ఇంకా కుర్చీ మీదే ఉంది. వెళ్ళింది. చల్లటి రేకు మీద పడుకుని దూరింది, నాలుగు గీతలు గీసింది, గీస్తూ ఏడ్చింది, ఇవన్నీ గీసి పారేస్తే వెళ్ళి పడుకోవచ్చు అనుకుంది. టక్. టక్. టక్. ఫోను. వెర్నా కొడుకు, పిన్నీ, అమ్మ బట్టలు ఏం చెయ్యమంటావు అని. ఆ నీలం గౌను ఎవరికీ ఇవ్వకు, అంది తను. అక్కడే, ఆ ఫోను దగ్గరే, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. లేచాక గరాజులోకి వెళ్ళిందా, పడగ్గదిలోకి వెళ్ళిందా. గరాజులో దీపం ఆర్పిన గుర్తుంది. దీపం ఆర్పడానికి వెళ్ళినప్పుడు పానా తీసి గోడకి తగిలించిన గుర్తుంది. గీతలు నాలుగూ ఉన్నాయి కదా మరి, చూసే కంటికి పని అయిపోయినట్టే ఉంటుంది. ఆ గీతలే తననీ మోసం చేశాయి.

మొదట్లో ఇష్టంగానే చేసింది, అది కూడా చెప్పాలి. రేకుల్ని కలపడానికి రివెట్లు కొట్టాలంటే ఇద్దరు కావాలి, ఒక్కడి వల్ల కాదు. బయట నుంచి ఒకరు తుపాకీ లాంటి యంత్రంతో కొడుతుంటే లోపల నుంచి ఇంకొకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, అప్పుడే రివెట్ తల అణిగి రేకుని పట్టుకుంటుంది. పన్నెండు వేలకి పైగా రివెట్లు. అతను బయట, ఆమె లోపల, ఇద్దరి చెవులకీ మూతలు, ఒకరి మొహం ఒకరికి కనపడదు, మధ్యలో కాగితమంత రేకు. మాట వినపడదు గనక, రివెట్ కుదిరిందో లేదో లోపల నుంచి చూసే ఆమే వేలితో రేకు మీద కొట్టి చెప్పాలి. ఒకసారి కొడితే బాగా కుదిరిందని, రెండుసార్లు కొడితే పాడైంది తియ్యాలని. అలా సాయంత్రాలు సాయంత్రాలు గడిచిపోయాయి, భార్యాభర్తలు మాట్లాడుకునే మాటలన్నీ ఆ వేలి చివరికి వచ్చేశాయి, ఒక దెబ్బ, ఒక దెబ్బ, రెండు దెబ్బలు, ఒక దెబ్బ. ఆమెకి అదొక సుఖం. స్కూలు వంటశాలలో మూడొందల మందికి వండి వచ్చిన చేతులతో ఆ దిమ్మ పట్టుకుంటే, అటు నుంచి అతని బలం వచ్చి అరచేతికి తగిలేది, భుజం దాకా పాకేది. తోకని భోజనాల బల్ల మీద కట్టారు, ఆ ఏడు పండగ భోజనం ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తిన్నారు. పొట్ట గరాజంతా ఆక్రమించింది, ఆమె కారు తొమ్మిది చలికాలాలు మంచులో నిలబడింది, తొమ్మిది చలికాలాలు తెల్లారి ఐదింటికి పారతో మంచు గీకి పనికి వెళ్ళింది. చేతుల మీద గీరుకున్న మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి, వాటిని దాచుకోలేదు, వంటశాలలో ఆడవాళ్ళు అడిగితే చెప్పేది, విమానం కడుతున్నాం అని. కడుతున్నాడు అని కాదు, కడుతున్నాం అని. ఓరిన్ మొదటిసారి వచ్చి ఆమె పట్టిన వరసలు చూసి, ఈ పని చేసింది ఎవరు, లోవెల్ చెయ్యి కాదిది, అన్నాడు. ఆ మాట మీద ఆమె ఒక ఏడాది బతికింది.

ఇరవై నిమిషాలైందని ఎవరో అన్నారు. మెడలు నొప్పెట్టి కొందరు కూర్చున్నారు, కబుర్లు మొదలయ్యాయి, ఎవరి ఇంజిను ఎంత నూనె తాగుతోంది, ఎవరి పెళ్ళాం ఎంత గోల పెడుతోంది. ఒకతను మార్లిస్‌ని చూపించి అదృష్టమంటే లోవెల్‌ది అన్నాడు, మా ఆవిడ గరాజు వైపే చూడదు అన్నాడు. ఆమె పైకి చూస్తోంది. వెండి చుక్క, ఎండ తగిలినప్పుడు మెరుస్తుంది, తిరిగినప్పుడు మాయమవుతుంది, మాయమైన ప్రతిసారీ ఆమె ఊపిరి ఆగుతోంది, మెరిస్తే వస్తోంది. చెప్పు. వెళ్ళి చెప్పు. ఓరిన్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, చెవిలో చెప్తే చాలు, ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. కానీ ఓరిన్‌కి చెప్తే ఓరిన్ మొహం మారుతుంది, ఓరిన్ మొహం మారితే వీళ్ళందరికీ తెలుస్తుంది, ఇక జన్మంతా ఆ కథే, పెళ్ళాం చేత నట్లు బిగింపించుకున్న లోవెల్ కథ, ఎక్కడ నలుగురు విమానాలవాళ్ళు కలిస్తే అక్కడ. సిగ్గు కోసం మొగుణ్ణి చంపుకుంటావా. చంపడం ఏమిటి, ఎగురుతున్నాడుగా, ఇరవై నిమిషాలు ఊడనిది ఇప్పుడెందుకు ఊడుతుంది. ఎప్పుడైనా ఊడుతుంది, ఇంజిను అదురుకి ఒక్కొక్క చుట్టే వదులవుతుంది, చూస్తుండగా ఊడదు, అది ఊడే తీరే అంత. ఆమె కాళ్ళు మాత్రం కదలలేదు. ఆ కదలని కాళ్ళ మీద నిలబడే ఉండగా, ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇల్లు కనపడింది.

ఇల్లు ఖాళీగా ఉంది. గరాజులో ఏమీ లేదు, సిమెంటు నేల కడిగి ఉంది, ఆమె కారు లోపల ఉంది, దాని మీద మంచు లేదు. భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. పక్క దుప్పట్లలో రేకు పొట్టు గుచ్చుకోవడం లేదు, రొట్టె పిండిలో రేకు పొట్టు లేదు, మూడో మెట్టు మీద డ్రిల్లు లేదు. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే వంటగదిలో ఫ్రిజ్ మోగడం ముందు గదిలోకి వినిపిస్తోంది. కుర్చీలో తను కూర్చుని ఉంది, ఎవరూ పిలవడం లేదు, మార్లిస్, ఒక్క నిమిషం ఇలా వచ్చి ఇది పట్టుకో, అని ఎవరూ పిలవడం లేదు. ఆ ఇంట్లో లోవెల్ ఎక్కడున్నాడో ఆమె చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది గనక చూడలేదు. ఆ ఆలోచన రాగానే ఛీ అని తోసేసి ఉంటే బాగుండేది, తోసేశానని తరవాత ఎవరికైనా చెప్పుకోవచ్చు, కనీసం దేవుడికి. తొయ్యలేదు. కాసేపు ఆ కుర్చీలోనే కూర్చుంది. ఎంతసేపో తెలియదు, విమానం రెండు చుట్లు తిరిగినంతసేపు, కాఫీ గ్లాసు చేతిలో చల్లారిపోయినంతసేపు. అప్పుడు ఒళ్ళంతా చెమట పట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం. నిద్రలో ఆమె కాళ్ళు చల్లబడితే తన కాళ్ళ మధ్య పెట్టుకునే మనిషి. వాణ్ణి ఆకాశంలో పెట్టి, చేతిలో కాఫీ పెట్టుకుని, ఏం చూస్తున్నావే నువ్వు? ఏం మనిషివే?

రేడియో గరగరమంది. అందరూ మాటలాపారు. లోవెల్ గొంతు, నిదానంగానే ఉంది. కర్రలో కొంచెం వణుకు తెలుస్తోంది ఓరిన్, ఇందాక లేదు, అన్నాడు. ఓరిన్ పైకి చూశాడు, చేల మీదికి చూశాడు. ఎండెక్కింది కదా, నేల వేడెక్కి గాలి లేస్తోంది, అదే అయ్యుంటుంది, చూసుకో, ఇంకో పది నిమిషాల్లో దిగిపో, అన్నాడు. అలాగే అన్నాడు లోవెల్. అదే అయ్యుంటుంది, అని ఒకరిద్దరు తలలూపారు. మార్లిస్ గ్లాసు గడ్డిలో పడింది. నాలుగడుగులు ఎలా వేసిందో తెలియదు, ఓరిన్ చేతిలోంచి రేడియో ఆమె చేతిలోకి వచ్చింది, లాక్కుందో ఆయనే ఇచ్చాడో కూడా తెలియదు, "ఏమిటమ్మాయ్" అంటున్నాడు ఆయన. మీట నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది.

"లోవెల్, నేను. తోకలో నాలుగో నట్టు, తోక రెక్క కడ్డీది. గీత గీశాను, బిగించలేదు. బిగించలేదనుకుంటాను. వెర్నా పోయినప్పుడు. కర్రని గట్టిగా లాగకు."

ఓరిన్ మొహంలో నెత్తురు లేదు. ఆయన కూడా దీపం వేసి ఆ గీతనే చూసి, బాగుంది అని తలూపి వెళ్ళినవాడే ఆ శనివారం. చేల అవతల ఎక్కడో ట్రాక్టరు చప్పుడు, అంతే. వెండి చుక్క తిరుగుతూనే ఉంది. అప్పుడు గరగర, దాని వెనక లోవెల్ గొంతు, అందరికీ వినపడేలా, నెమ్మదిగా.

"అది బిగిసే ఉంది మార్లిస్, కంగారుపడకు. నేను చూశాను." కాస్త ఆగి, ఆమెకి ధైర్యం చెప్పడానికే అయ్యుంటుంది, ఇంకొక మాట కలిపాడు. "నువ్వు చేసినవన్నీ నేను మళ్ళీ చూశాన్లే."

ఎవరో హమ్మయ్య అన్నారు. ఎవరో నవ్వారు, భయం దిగిన నవ్వు, అందులో వెటకారమేమీ లేదు. ఓరిన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, మంచి పని చేశావు, చెప్పడమే మంచిది, అని, రేడియో తీసుకున్నాడు. అందరూ ఆమెకేసి జాలిగా చూసి, చూపు తిప్పుకున్నారు. ఆమెకి ముందు ఒంట్లోంచి ఏదో జారిపోయినట్టు హాయిగా అనిపించింది, బతికి ఉన్నాడు, బతుకుతాడు. ఆ తరవాతే ఆ రెండో మాట లోపలికి దిగింది. అన్నీ. నువ్వు చేసినవన్నీ. తెల్లారి ఐదింటికి తను కారు మీద మంచు గీకుతుంటే గరాజులో దీపం వెలిగేది, ఇంత పొద్దున్నే ఏమిటి అంటే కాఫీ తాగుతున్నాను అనేవాడు. తొమ్మిదేళ్ళు ఆ దీపం చూస్తూ పనికి వెళ్ళింది. పాపం నిద్ర పట్టక లేచాడు అనుకునేది. రేకు మీద ఒక దెబ్బ, బాగా కుదిరిందని. ఆ ఒక్క దెబ్బ అతను నమ్మలేదు. సాయంత్రం నమ్మినట్టే తరవాతి రివెట్టుకి వెళ్ళి, పొద్దున్నే లేచి అద్దమూ దీపమూ పట్టుకుని ఒక్కొక్క రివెట్టూ చూసుకున్నాడు, పన్నెండు వేలు. పైన విమానం వంపు తిరిగి దిగడానికి వస్తోంది, అందరూ రన్‌వే వైపు నడుస్తున్నారు, ఆమె కూడా నడిచింది. చక్రాలు ఒకసారి తాకి, ఎగిరి, రెండోసారి తాకి నిలిచాయి.

అందరూ చేతులు కలిపారు, ఫొటోలు తీశారు, లోవెల్ నెత్తి మీది జుట్టు తడిసి అతుక్కుపోయి ఉంది, నోరు చెవుల దాకా సాగిపోయి ఉంది, అలాంటి నవ్వు అతని పెళ్ళి ఫొటోలో కూడా లేదు. ఓరిన్ పెద్దమనిషి, కేకు కోద్దాం రండి అని అందర్నీ బల్ల దగ్గరికి తోలుకుపోయాడు. లోవెల్ ఇంకా సీట్లోనే కూర్చుని ఉన్నాడు, గాజు మూత వెనక్కి తెరిచి ఉంది, చల్లారుతున్న ఇంజిను చిటచిటమంటోంది. ఆమె రెక్క పక్కన నిలబడింది.

"అన్నీ చూశావా?"

"అన్నీ," అన్నాడు, నవ్వు కాస్త తగ్గించి. "మొదట్నుంచీ. నువ్వు పనికెళ్ళేవేళకి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నొచ్చుకుంటావని."

"ఏమైనా దొరికాయా?"

లోవెల్ చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీశాడు. "అదొక్కటే. ఆ నాలుగోది వదులుగానే ఉంది, చేత్తో తిప్పితే తిరిగింది. చెయ్యి గీరుకుపోయినా ఎలాగో దూర్చి ఆ వారమే బిగించాను. వెర్నా పోయిందని నీకు చెప్పలేదు." తొమ్మిదేళ్ళలో ఒక్కటి. ఆ ఒక్కటీ అతన్ని చంపేది. ఆమెకి కోపం రావాలి, ఇందాకట్నుంచి గొంతు దాకా వచ్చి ఉంది కూడా, కానీ ఆ కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, అతను నమ్మి ఉంటే ఈపాటికి లేడు. రెక్క అంచు పట్టుకుని నిలబడింది. అతను కట్లు విప్పుకుంటూ, ఏదో మామూలు సంగతి అడిగినట్టు, కొలత అడిగినట్టు అడిగాడు.

"నీకెప్పుడు గుర్తొచ్చింది?"

ఇప్పుడే, నువ్వు వణుకు అన్నప్పుడే, అంటే సరిపోయేది. మాట నాలుక మీదే ఉంది, ఎవరూ కాదనలేరు, ఆ మాటతో ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవచ్చు. ఆమె అతని మొహం చూసింది, తడిసిన జుట్టు చూసింది, ఇందాక నిశ్శబ్దమైన ఇంట్లో తను ఎక్కడా వెతకని మొహం అది.

"నువ్వు లేచినప్పుడే," అంది. "చక్రాలు లేచినప్పుడే."

లోవెల్ ఆమెనే చూశాడు. ఎందుకు అని అడుగుతాడనుకుంది, అడిగితే చెప్దామనే అనుకుంది, ఎలా చెప్పాలో తెలియకపోయినా. అతను అడగలేదు. ఆకాశం వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఆమెని చూసి, మెల్లగా కిందికి దిగాడు. దిగడానికి ఆమె చెయ్యి అందించింది, అతను చట్రం పట్టుకుని దిగాడు. సీటు వెనక నుంచి రెండు గుడ్డలూ నీళ్ళ సీసా తీసి ఒక గుడ్డ ఆమెకిచ్చాడు. పురుగులు ఎండిపోకముందే తుడవాలి, అన్నాడు. రెక్కల ముందు అంచుల నిండా పగిలిన పురుగులు, ఇంతసేపూ గాలిలో కొట్టుకున్నవి, ఎండితే రేకుని తినేస్తాయి. ఇది ఇద్దరూ చేసే పనే, ఎవరి విమానం దిగినా చెరొక రెక్కా పంచుకుని తుడుస్తారు. ఆమె ఎడమ రెక్క తీసుకుంది. చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మరకా గోటితో కూడా గీకి, రివెట్ల వరస మీదుగా మొదలు దాకా శుభ్రంగా తుడిచింది. ఇంత శుభ్రంగా ఆమె ఏ పళ్ళెమూ తుడిచి ఉండదు. అవతల లోవెల్ తన రెక్క పూర్తి చేసి, గుడ్డ కడిగి పిండుకుని, ముక్కు చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. ఆమెని దాటి ఎడమ రెక్క చివరికి వెళ్ళి, వంగి చూసి, ఆమె తుడిచిన చోటునే మళ్ళీ మొదట్నుంచీ తుడవడం మొదలుపెట్టాడు, ఈసారి ఆమె చూస్తుండగానే.